మెడ పట్టేస్తే ఇంట్లో ఆక్యుప్రెషర్ పని చేస్తుందా?

రోజంతా మిషన్ కుట్టి మెడా భుజాలూ పట్టేస్తున్నాయి, నిద్ర పట్టట్లేదు, ఇంట్లోనే ఆక్యుప్రెషర్ (ఒంట్లో కొన్ని చోట్ల వేళ్లతో నొక్కడం) చేసుకోవచ్చా అని అడిగారు కదా అక్కా. చేసుకోవచ్చు. మాది కోరాపుట్ జిల్లా జయపురం, నాదీ కుట్టు పనే, పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు అందించే టెన్షన్‌లో మెడ తిప్పలేకపోవడం నాకూ మామూలే.

తల వెనక పుర్రె అంచు కింద, మెడకి అటూ ఇటూ రెండు గుంటలు తగులుతాయి. బొటనవేళ్లు అక్కడ ఆనించి తల కాస్త వెనక్కి వాల్చండి, తల బరువే నొక్కుతుంది, మీరు బలం పెట్టక్కర్లేదు. ఒకటి రెండు నిమిషాలు, ఊపిరి నెమ్మదిగా వదులుతూ. నొప్పిగా ఉన్నా హాయిగా అనిపించాలి, పళ్లు బిగించాల్సి వస్తే ఎక్కువైనట్టే. మెడ ముందు వైపు, నాడి కొట్టుకునే చోట మాత్రం అస్సలు నొక్కొద్దు. నాకు నిద్రకి కూడా ఇదే పనికొచ్చింది, అందులో సగం గొప్ప ఆ రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి కూర్చోవడానిదే అనుకోండి.

తలనొప్పికి బొటనవేలు, చూపుడువేలు మధ్య కండ నొక్కుతారు. గర్భిణులు అది నొక్కకూడదంటారు, ఇంట్లో ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి, మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు దూరంలో, లోపలి వైపు రెండు నరాల మధ్య చోటు (నరాలంటాం గానీ అవి కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు). ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం ఇక్కడ నొక్కితే తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. నేనైతే సాలూరు నుంచి సుంకి మీదుగా ఘాట్ ఎక్కే బస్సులో వాడతాను, మలుపులు మొదలవ్వక ముందే నొక్కడం మొదలెట్టాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక నాకెప్పుడూ పని చెయ్యలేదు.

అరికాలి బొమ్మ గీసి ఇక్కడ కిడ్నీ, ఇక్కడ లివర్ అని చూపించే చార్టుల్ని నేను నమ్మను. ఆక్యుప్రెషర్ పేరుతో అమ్మే ముళ్ల చెప్పులు కూడా కొనకండి, ముఖ్యంగా షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కే వాళ్లయితే, గాయమైనా తెలీదు. ఒక్క పిక్కే వాచి వేడిగా నొప్పిగా ఉంటే నొక్కకుండా డాక్టర్‌కి చూపించాలి, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. మీ మెడ నొప్పి చేతిలోకి దిగి వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, పట్టు తగ్గి కత్తెర జారిపోతున్నా అంతే.

అన్నట్టు మీ స్టూలు ఎత్తెంత? గుడ్డ చూడ్డానికి బాగా వంగాల్సి వస్తుంటే ముందు అది మార్చండి అక్కా.