మింక్ ఫారాలు మూయిస్తే మన చిత్తూరు కోళ్ల షెడ్డుకు ఏం పని?

"యూరప్‌లో బొచ్చు కోసం పెంచే మింక్ ఫారాలను రోగాల భయంతో మూయిస్తున్నారట. చిత్తూరు, తిరుపతి వైపు అట్లాంటివి లేవు కదా, గుడ్ల కోసం కోళ్లు పెంచే లేయర్ షెడ్డు నడిపేవాళ్లకు దీంతో ఏం పని?" అని ఒకరు అడిగారు. పని చాలానే ఉందండీ.

మింక్ మన ముంగిస లాంటి మాంసాహారి, నీళ్ల ఒడ్డున ఒంటరిగా తిరిగేది. ఫారంలో దాన్ని వేలకొద్దీ తీగబోనుల్లో పక్కపక్కనే పెడతారు. పైన రేకు, పక్కలంతా ఖాళీ, కింద పెంట. మన లేయర్ షెడ్డు చూసినవాళ్లకు కొత్తగా ఏమీ కనిపించదు. మేతేమో చేపల, కోళ్ల వ్యర్థాలు రుబ్బిన ముద్ద, బోను మీదే పెడతారు. ఆ ముద్ద కోసం సముద్రపు ఒడ్డున తిరిగే గల్ పక్షులు దిగుతాయి. 2022 అక్టోబరులో స్పెయిన్‌లోని గలీసియాలో, సుమారు 52 వేల మింక్‌లున్న ఫారంలోకి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ ఆ పక్షుల నుంచే వచ్చిందని అనుమానం. తర్వాత అది బోను నుంచి బోనుకు పాకింది. పక్షి నుంచి ఒక జంతువుకు అంటడం వేరు, పాలిచ్చే జంతువుల్లో ఒకదాన్నుంచి ఒకదానికి పాకడం వేరు. మన ఊపిరితిత్తులకు అలవాటు పడేందుకు వైరస్‌కు అదే దారి. అక్కడి వైరస్‌లో అట్లాంటి మార్పు ఒకటి కనిపించింది కూడా. పనివాళ్లకు మాత్రం అంటలేదు.

2020లో కోవిడ్ అప్పుడు అది కూడా జరిగింది. నెదర్లాండ్స్, డెన్మార్క్‌లలో మనుషుల నుంచి మింక్‌లకు పోయిన వైరస్ మళ్లీ మనుషులకే తిరిగొచ్చింది. డెన్మార్క్ కోటిన్నరకు పైగా మింక్‌లను చంపించింది. తొందరలో లోతు చాలని గుంతల్లో పూడిస్తే కళేబరాలు ఉబ్బి మట్టిని తోసుకుని పైకొచ్చాయి. మరుసటి ఏడాది తవ్వి తీసి కాల్చాల్సి వచ్చింది.

కాబట్టి ఆ ఫారాలు మూయించడం సబబే. బొచ్చుకోటు లేక ఎవరూ పస్తుండరు. మన దేశం 2017లోనే మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతి ఆపేసింది. గుడ్డు అట్లా కాదు, అంగన్‌వాడీ పిల్లల పళ్లెంలోది. ఆపలేం కాబట్టి కాపాడుకోవాలి.

మనకు గండం వలస పక్షుల కాలం. అక్టోబరు నుంచి మార్చి దాకా పులికాట్ సరస్సుకు, నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చే పక్షులు మన చెరువుల్లోనూ దిగుతాయి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా కోళ్లకు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. 2025 మార్చిలో పల్నాడులో ఒక పసిబిడ్డ దీంతోనే పోయింది.

షెడ్డు చుట్టూ వల అంగుళం కన్నుకు మించకూడదు. పిచ్చుకలు ఎక్కువైతే ముప్పావు అంగుళం. చాలామంది పక్కలకు కట్టి చూరు కింద సందు వదిలేస్తారు, కాకి వచ్చేది అక్కడినుంచే. మేత తొట్టి కింద రాలిన గింజలు రోజూ ఊడ్పించండి, పక్షిని పిలిచేది అదే.

షెడ్డు వాకిట్లో కాళ్లు ముంచే బ్లీచింగ్ తొట్టి అందరూ పెడతారు, పని చేసేది తక్కువచోట్ల. పది లీటర్లకు 300 గ్రాముల పొడి, నీడలో, రోజూ పొద్దున మార్చాలి. పెంట అంటిన చెప్పుతో దిగితే క్లోరిన్ ఆ పెంటకే ఖర్చయిపోతుంది. ముందు బ్రష్‌తో రుద్ది కడగాలి. అసలు ఒక్క క్షణం ముంచి తీస్తే వైరస్ చావదు. అంతకన్నా షెడ్డుకో జత చెప్పులు పెట్టి, గడప దగ్గర మార్చుకోమనడం మేలు. ఖర్చు రెండు మూడొందలు.

చెరువు నీళ్లు వాడితే వెయ్యి లీటర్లకు 10 గ్రాముల బ్లీచింగ్. బకెట్‌లో కలిపి, తేరిన పైనీళ్లే ట్యాంకులో పోసి అరగంట ఆగాలి. కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా నీళ్లలో ఇచ్చేముందు రెండు రోజులు ఇది మానేయాలి, లేకపోతే టీకా చచ్చిపోతుంది, డబ్బు దండగ.

బండ్లు, గుడ్ల అట్టలు, కోళ్లు తీసుకుపోయే క్రేట్లు ఊరూరా తిరిగొస్తాయి. అట్టలు వేరే షెడ్డువి వాడొద్దు. ప్లాస్టిక్ ట్రేలు సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టాకే లోపలికి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది చచ్చిన కోళ్ల గురించి. కుక్కలకు, పందులకు, చేపల గుంతలకు వేయడం మింక్ మేత లాంటిదే. పంది గొంతులో పక్షి ఫ్లూ, మనిషి ఫ్లూ రెండూ పట్టుకునే చోట్లున్నాయి. పందులూ కోళ్లూ ఒకే దొడ్లో పెంచొద్దు. 2024 డిసెంబరులో నాగపూర్ గోరెవాడ జంతు సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఈ వైరస్‌తోనే చచ్చాయి, మేతగా పెట్టిన కోడిమాంసం నుంచే వచ్చిందని అనుమానం.

నీళ్లు, మేత ఒక్కసారిగా తగ్గి, జుట్టు నీలం తిరిగి, కాళ్ల మీద ఎర్రమచ్చలతో కోళ్లు వరుసగా పడితే కొక్కెర తెగులేలే అనుకొని కోసి చూడొద్దు. అదీ బర్డ్ ఫ్లూ రెండూ పైకి ఒకేలా ఉంటాయి, కోసినప్పుడే వైరస్ మనిషి మీదికి చిందేది. షెడ్డు మూసి, ఒక్క కోడినీ అమ్మకుండా పశువైద్యుడిని పిలవండి, 1962కు ఫోన్ చేసినా సరే. నమూనా భోపాల్ ల్యాబ్‌కు పోతుంది. ఈలోపు షెడ్డులో పనిచేసేవాళ్లకు జ్వరం, దగ్గు వస్తే ఆస్పత్రిలో "కోళ్ల షెడ్డులో పని చేస్తాను" అని ముందే చెప్పమనండి. అది చెప్పకపోతే మామూలు జ్వరం మాత్ర ఇచ్చి పంపేస్తారు.