మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్టు, యాంటీఆక్సిడెంట్ మాత్రలు: సుగరు ఉన్న నాన్నకి అవసరమా?

మీ నాన్నగారికి పదేళ్ళుగా సుగరు, ఇప్పుడు అరికాళ్ళ తిమ్మిరి. వీడియోలో చెప్పిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించి, యాంటీఆక్సిడెంట్ మాత్రలు మొదలెట్టాలా అని మీ ప్రశ్న. నన్నడిగితే రెండూ వద్దు. అలాగని ఆ సైన్సు బూటకమేం కాదు.

మాది పర్లాకిమిడి. బరంపురంలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్తాను కాబట్టి చుట్టాల రిపోర్టులన్నీ నా ఫోనుకే వస్తాయి.

రక్తంలో గ్లూకోజ్ పెరిగినప్పుడు కొన్ని కణాలు దాన్ని లోపలికి రానివ్వడం తగ్గించుకుంటాయి. రక్తనాళాల లోపలి పొరకి ఆ వెసులుబాటు లేదు. లోపలికి ఎక్కువగా వచ్చిన గ్లూకోజ్ మైటోకాండ్రియాలో, అంటే కణం లోపలి పొయ్యిల్లో, మండి సూపరాక్సైడ్ అనే హానికరమైన ఆక్సిజన్ రూపం పుడుతుంది. నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ని అది మింగేస్తుంది. ఇలాంటివాటిని అణచడానికే యాంటీఆక్సిడెంట్లు. సుగరు మీద పరిశోధన చేసిన మైకేల్ బ్రౌన్లీ 2004లో బాంటింగ్ ఉపన్యాసం అనే పేరున్న ప్రసంగంలో చెప్పిన సిద్ధాంతం ఇదే. ఇక టెస్టులో చూసేవాటి సంగతి. కణంలో ఏ ప్రొటీన్ ఎంత తయారవ్వాలో సర్దేవాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కూడా ఉన్నాయి. ఒక్కోటి సుమారు 22 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులో పూసల) పొడవు, అంతే. 2024 వైద్య నోబెల్ వీటిని కనిపెట్టినవాళ్ళకే వచ్చింది. వీటిలో మిర్-126 అనేది నాళాల పొరని కాపాడుతుంది. టైప్ 2 సుగరు ఉన్నవాళ్ళ ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) అది తక్కువగా ఉందని 2010లోనే రాశారు.

మరి టెస్టు ఎందుకొద్దంటే, మిర్-126 రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల నుంచి కూడా వస్తుంది. ప్లేట్‌లెట్లని అదుపుచేసే ఆస్పిరిన్ వేసుకుంటే తగ్గుతుంది. సుగరు పేషెంట్లలో ఆస్పిరిన్ మింగేవాళ్ళు ఎంతమందో! అంకె తగ్గింది నాళాల వల్లో మాత్ర వల్లో ఎవరు తేలుస్తారు? పైగా ఆ అంకెని చూసి మందు మార్చే డాక్టరు ఇప్పటికైతే లేరు.

మాత్రల సంగతీ అంతే. హోప్ అనే పెద్ద ట్రయల్‌లో యాంటీఆక్సిడెంట్ అయిన విటమిన్ ఇ రోజుకి 400 యూనిట్లు నాలుగేళ్ళకి పైగా ఇచ్చి చూశారు. గుండెపోట్లు తగ్గలేదని 2000లో తేలింది.

మా అమ్మకి పనికొచ్చింది ఓ నైలాన్ పోగు. డాక్టరుగారు కళ్ళు మూసుకోమని, దాన్ని అరికాలికి ఆనించి వంగేదాకా నొక్కారు. మడమ దగ్గర "ఆఁ, ఇక్కడే" అంది. బొటనవేలి కింద నొక్కుతుంటే "ఇంకా మొదలెట్టలేదా బాబూ?" అని అడిగింది. స్పర్శ పోయిందని తెలిసింది అక్కడే. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా చెప్పులతోనే తిరుగుతోంది, మడికి పనికిరాదని సణుక్కుంటూనే.

మీరూ ముందు ఆ పరీక్ష చేయించండి. పాదం మీద నాడి చూడమనండి. మూత్రంలో ఆల్బుమిన్, కంటి రెటీనా ఏడాదికోసారి తప్పనిసరి. బీపీ, కొలెస్ట్రాల్ మందులు మాననివ్వకండి. పుండు పడితే మాత్రం పసుపు రాసి కూర్చోకుండా ఆ రోజే చూపించండి.