మీ అత్తగారి జీవితాన్ని రాయబోయే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ అత్తగారు కన్నుమూసిన కబురు మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి ఆవిడే నా కళ్లముందు మెదులుతున్నారు. మీ పెళ్లికి ఫిరంగిపురం వచ్చినప్పుడు, మన వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, మజ్జిగ చిలుకుతున్న మీ అమ్మను చూసి "మా అమ్మా ఇలాగే వెన్న తీసేది" అని నాతో చెప్పి చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. నెల తిరిగిన రోజున వాళ్ల ఐరిష్ ఆచారం ప్రకారం చేయించే పూజలో చదవడానికి, ఆ తరువాత పిల్లలకోసం దాచడానికి ఆవిడ జీవితం రాయాలనుకున్నారనీ, ఆవిడ అబ్బాయి కాగితం ముందు కూర్చోగానే దుఃఖం ఆపుకోలేక లేచిపోతున్నాడనీ, ఆ పని నీ మీద పడిందనీ రాశావు. బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లకు పైగా ఐరిష్ నర్సుల పక్కన పనిచేశాను. వారిలో నాకు ప్రాణస్నేహితురాలైన ఒకావిడ పోయినప్పుడు ఆమె కూతురూ నేనూ కలిసి ఇదే పని చేశాము. అప్పుడు మేము చేసిన పొరపాట్లు నువ్వు చేయకుండా ఉండాలని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మేము మొదట రాసిన రెండు పుటల్లో ప్రేమమూర్తి, త్యాగశీలి, భక్తురాలు అన్న మాటలే ఉన్నాయి. కూతురు చదివి, పేరు మారిస్తే ఇది ఏ తల్లికైనా సరిపోతుందని కాగితం పక్కన పెట్టేసింది. ఆ అమ్మాయి మాట నిజం. తల్లి అయ్యేనాటికే ఆ మనిషికి ఒక జీవితం గడిచి ఉంది, పిల్లలు ఎరగనిది కూడా అదే. కాబట్టి నువ్వు మీ అత్తగారిని 1957లో ఐర్లాండులోని మేయో జిల్లా పల్లె నుంచి అమెరికాకు బయలుదేరిన పంతొమ్మిదేళ్ల పిల్లగా మొదలుపెట్టు. షానన్‌లో విమానం ఎక్కారా, కోవ్ రేవులో ఓడ ఎక్కారా? రేవుదాకా ఎవరు వచ్చారు? పాత రోజుల్లో అమెరికా వెళ్లే పిల్లకోసం ముందురాత్రి ఊరంతా చేరి, చనిపోయినవారి దగ్గర జాగారం చేసినట్టే తెల్లవార్లూ ఆటపాటలతో, ఏడుపులతో గడిపేవారు, ఎందుకంటే మళ్లీ చూస్తామన్న ఆశ వారికి ఉండేది కాదు. 'అమెరికన్ వేక్' అనేవారు దాన్ని. ఆవిడ నాటికి ఆ వాడుక పలచబడి ఉండవచ్చు, అయినా ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో అడిగి తెలుసుకో.

ఎందుకు వెళ్లారన్న చోట "మెరుగైన జీవితంకోసం" అని ఒక్క ముక్కలో తేల్చేయవద్దు. 1950ల పదేళ్లలో సుమారు 4 లక్షల మంది ఐర్లాండు విడిచి వెళ్లారు, 1961 నాటికి ఆ దేశ జనాభా 28 లక్షలకు పడిపోయింది. ఉన్న కాస్త పొలం ఒక్క కొడుక్కి వచ్చేది, మిగిలిన బిడ్డలు బయటికి పోవలసిందే. హైస్కూలు చదువు ఉచితమైంది 1967లో, అంటే ఆవిడ వెళ్లిన పదేళ్లకు. ప్రభుత్వోద్యోగంలో చేరిన ఆడపిల్ల పెళ్లయితే రాజీనామా చేయాలన్న నిబంధన 1973 దాకా ఉంది. పద్నాలుగేళ్లకే బడి మానేసిన తెలివైన పిల్ల ముందు ఏ దారులు మూసుకుపోయి ఉన్నాయో ఇవి చెప్పకుండా, ఆవిడ ధైర్యాన్ని మాత్రం పొగిడితే పిల్లలకు ఏమీ అర్థం కాదు.

అన్నిటికన్నా ముందు చేయవలసింది, మేయోలో ఉన్న మీ అత్తగారి చెల్లెలికి ఫోను చేయడం. నేను ఇక్కడే తప్పు చేశాను. తేదీలన్నీ సరిచూసుకుని, ప్రశ్నలు వరుసగా రాసుకుని, అప్పుడు నా స్నేహితురాలి తమ్ముడితో మాట్లాడదామని ఆగాను. రెండు నెలలు పట్టింది. నా ఉత్తరం చేరేసరికి ఆయన మాట పడిపోయి ఆసుపత్రిలో ఉన్నారు, ఆ శీతాకాలం దాటలేదు. వారి చిన్ననాటి ఇంటి గురించి చెప్పగలిగిన ఆఖరి మనిషి ఆయన. కాగితాలు ఎక్కడికీ పోవు తల్లీ, మనుషులే పోతారు.

కాగితాల విషయానికి వస్తే, ముందు వాళ్ల 'టౌన్‌ల్యాండ్' పేరు పట్టుకో. అది మన పల్లెల్లో పాలెం కన్నా చిన్నది, ఒక్కోసారి నాలుగైదు ఇళ్లే ఉంటాయి. ఆ పేరు తెలియకపోతే ఒకే ఇంటిపేరు గల వందల కుటుంబాల మధ్య తప్పిపోతావు. 1922లో డబ్లిన్‌లోని దస్తావేజుల భవనం కాలిపోయినప్పుడు అక్కడ ఉన్న పాత జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. అయినా 1901, 1911 లెక్కలు మిగిలాయి, ఆ దేశపు జాతీయ దస్తావేజుల భాండాగారం వాటిని ఇంటర్నెట్టులో ఉచితంగా చూడనిస్తుంది. 1911 కాగితంలో పెళ్లయిన స్త్రీని ఎందరు బిడ్డలు పుట్టారు, ఎందరు బతికి ఉన్నారు అని అడిగారు. నా స్నేహితురాలి నాయనమ్మ పేరు ఎదుట పదకొండు, ఏడు అని రెండు అంకెలు ఉన్నాయి. ఆ రెండు అంకెల దగ్గర ఆమె కూతురు వేలుపెట్టి ఎంతసేపు కూర్చుందో చెప్పలేను. మీ అత్తగారు 1938లో పుట్టారు గనుక ఆవిడ జనన నమోదు ఇంకా ఇంటర్నెట్టులో కనబడదు, నూరేళ్లు నిండినవే పెడతారు. ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవాలి. ఆవిడ తల్లిదండ్రుల పెళ్లి నమోదు మాత్రం ఇప్పుడే దొరకాలి.

ఇంకొక చోటు కూడా వెతుకు. 1937 నుంచి 1939 వరకు ఐర్లాండు బడిపిల్లలు సుమారు 50 వేల మంది తమ ఇళ్లలోని పెద్దలను అడిగి కథలు, నాటు వైద్యాలు, ఊరి ముచ్చట్లు రాసి పంపారు. అవన్నీ జాతీయ జానపద భాండాగారంలో భద్రంగా ఉన్నాయి, ఇంటర్నెట్టులోనూ బడివారీగా చూడవచ్చు. మీ అత్తగారు అప్పటికి చంటిపిల్లే, కాని వారి పెద్దక్కకు పన్నెండేళ్లు ఉండేవని నువ్వే రాశావు. ఆ బడి పుస్తకంలో పెద్దక్క చేతిరాత దొరికితే, అందులోని కథ చెప్పినవారు ఆ ఇంటి పెద్దలే కావచ్చు.

ఇక ఆవిడ మాట గురించి. నా స్నేహితురాలు, టీ తాగావా అని అడిగితే "అయామ్ ఆఫ్టర్ హావింగ్ మై టీ" అనేది, ఇప్పుడే తాగానని అర్థం. ఐరిష్ భాషలోని వాక్యం కట్టే తీరే వారి ఇంగ్లీషులోకి అలా దిగింది. నేను చదువుకున్నదాన్నన్న అహంకారంతో, టేపులో ఉన్న ఆమె మాటలు రాసేటప్పుడు అలాంటివన్నీ బడి ఇంగ్లీషులోకి దిద్దేశాను. కూతురు చదివి "ఇది మా అమ్మ మాట్లాడినట్టు లేదు" అంది. పల్నాటి నాయనమ్మ మాటను పాఠ్యపుస్తకం తెలుగులో రాస్తే మనకు ఎలా ఉంటుందో ఆలోచించు. అబ్బాయి ఫోనులో మిగిలిన ఆవిడ సందేశాలను ఒక్క అక్షరం మార్చకుండా రాసుకో.

ఆవిడ రొట్టె సంగతి తప్పకుండా రాయి. గోధుమపిండి, మజ్జిగ, వంటసోడా, ఉప్పు, అంతే, పైన కత్తితో శిలువ గీస్తారు. అయితే కొలతలు కాగితం మీద దొరకవు. మేము నా స్నేహితురాలి అంచు విరిగిన నీలం కప్పు తెచ్చి, అందులో పిండి ఎంత పడుతుందో తూచి, నాలుగుసార్లు చేస్తే గాని ఆ రొట్టె రాలేదు. మూడోసారి కూతురు పిండిని మర్దించబోతే, అలా పిసికితే గట్టిపడుతుందని అమ్మ చేతిమీద చిన్న దెబ్బ వేసేదని తనకే హఠాత్తుగా గుర్తుకు వచ్చింది. కూర్చోబెట్టి అడిగితే రాని జ్ఞాపకం అది. అందుకని అబ్బాయిని కాగితం ముందు కాదు, పిండి ముందు నిలబెట్టు.

ఎక్కడైనా రెండు మూడేళ్లు లెక్కకు రాకపోతే ఊహతో పూరించవద్దు. ఆ తరం ఆడవాళ్లు నోరు విప్పి చెప్పుకోలేని బాధలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆవిడ చెప్పకూడదనుకున్నదాన్ని పూజలో మనం చెప్పరాదు. ఆ ఏళ్ల గురించి మాకు తెలియదని ఒక వాక్యం రాసి ముందుకు సాగు.

పిల్లలకు మాత్రం ఒకటి వివరంగా రాయి. మీ అత్తగారు వచ్చిననాటికి అమెరికా వలస వచ్చేవారికి దేశాలవారీగా పెట్టిన కోటాలో ఐర్లాండుకు ఏటా 17 వేలకు పైగా చోట్లు ఉండేవి, మన దేశానికి 100. 1965 చట్టం ఆ పద్ధతి తీసివేయడంతో ఐరిష్ వారి రాక తగ్గింది, మనవారికి తలుపు తెరుచుకుంది. వాళ్ల నాయనమ్మ ఏ దారిలో వచ్చిందో, వాళ్ల అమ్మ ఏ దారిలో వచ్చిందో ఒకే పుటలో ఉండాలి.

చెల్లెలుగారికి ఫోను చేసేటప్పుడు వేళ చూసుకో. ఐర్లాండు మీకన్నా ఐదు గంటలు ముందు ఉంటుంది గనుక, మీకు ఉదయం పది గంటలయితే ఆవిడ మధ్యాహ్న భోజనం ముగించి తీరికగా ఉంటారు. ముందు రొట్టె గురించి అడుగు, ఓడ గురించి తరువాత అడగవచ్చు.

ఆశీస్సులతో,
నీ మేనత్త