హై ఓల్టేజీకి కాలిన కంట్రోలర్: మరమ్మతుకు ముందే చేయవలసిన పని

ప్రశ్న: శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డున మా సొంత ఇల్లు. లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు ఫోనుతో నడిచేలా రూ.38,000 పెట్టి హోమ్ ఆటోమేషన్ కంట్రోలర్ బిగించుకున్నాను. గత నెలలో గాలీవానా లేని రోజున మా వీధి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగి, ఓల్టేజీ ఒక్కసారిగా పెరగడంతో అది కాలిపోయింది. పక్కింటివారి టీవీ, ఫ్రిజ్ కూడా పోయాయి. వారంటీ ఉన్నా, ఓల్టేజీ హెచ్చుతగ్గులకు అది వర్తించదని కంపెనీ అంటోంది. బోర్డు మార్చడానికి రూ.14,500 అవుతుందట. ఈ సొమ్ము ఎవరి నుంచి రాబట్టుకోవాలి?

జవాబు: ఆ బోర్డును ఇంకా మార్పించకపోతే కొద్ది రోజులు ఆగండి. చాలామంది వస్తువును ముందు బాగు చేయించి, పాత భాగాలను దుకాణంలోనే వదిలేసి, ఆ తర్వాత మా దగ్గరకు వస్తారు. అప్పటికి వారి చేతిలో బిల్లు తప్ప సాక్ష్యం మిగలదు. మెకానిక్ చేత ఏయే భాగాలు కాలాయో, అది అధిక ఓల్టేజీ వల్ల జరిగిందో, లోపలి లోపం వల్ల జరిగిందో తేదీతో, సంతకంతో రాయించుకోండి. విప్పేటప్పుడు ఫొటోలు తీసి, కాలిన బోర్డును భద్రపరచండి. కంట్రోలర్ ఏ నిమిషంలో ఆగిపోయిందో యాప్‌లో నమోదై ఉంటే, దాన్ని భారతీయ సాక్ష్య అధినియమం, 2023లో ఎలక్ట్రానిక్ రికార్డులకు సంబంధించిన సెక్షన్ 63 కింద ధ్రువపత్రంతో దాఖలు చేయవచ్చు.

కంపెనీ మీద మీ వాదనకు బలం తక్కువని నా అభిప్రాయం. వారంటీ షరతుల్లో ఆ మినహాయింపు స్పష్టంగా ఉండి, పరికరం ఇంత ఓల్టేజీ వరకు తట్టుకుంటుందన్న హామీ ఏదీ లేకపోతే, వారిని పట్టుకోవడం కష్టం.

విద్యుత్ పంపిణీ సంస్థ సంగతి వేరు. న్యూట్రల్ తెగినప్పుడు 230 వోల్టులు రావలసిన ఇంటికి దాదాపు 400 వోల్టుల వరకు రావచ్చు. స్తంభం మీది తీగను చక్కగా ఉంచవలసిన బాధ్యత ఆ సంస్థదే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 'సేవ' నిర్వచనంలో విద్యుత్ సరఫరాను చేర్చింది కనుక, మీరు శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే సేవాలోపం కింద ఫిర్యాదు చేయవచ్చు. ఈ స్థాయి వ్యాజ్యానికి కమిషన్ రుసుము లేదు, గడువు నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లు. విద్యుత్ చట్టం, 2003 కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక కూడా ఉంది. దాన్ని ఆశ్రయించడం వల్ల మీ ఇతర హక్కులు పోవని ఆ చట్టంలోని సెక్షన్ 42(8) చెబుతోంది. అయితే ఒకే నష్టానికి రెండుచోట్లా పరిహారం అడగకండి.

విద్యుత్ ప్రమాదంలో మనిషి చనిపోయిన సందర్భంలో, నిర్లక్ష్యం రుజువు కాకున్నా సరఫరా సంస్థదే బాధ్యత అని 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలిన పరికరానికీ అదే సూత్రం దానంతటదే వర్తిస్తుందని ధీమా పడక, నిర్లక్ష్యాన్ని రుజువు చేయడానికే సిద్ధపడండి. 2018లో తిత్లీ వంటి తుపాను నాడు తీగ తెగి ఉంటే సంస్థ దైవఘటన అనేది; గాలీవానా లేని రోజున ఆ మాట నిలవడం కష్టం. ఆ రోజు విద్యుత్ ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912కు మీరో, పక్కింటివారో చేసిన ఫిర్యాదు నంబరు ఉంటే దాచండి. తీగ ఎప్పుడు తెగింది, ఎప్పుడు సరిచేశారు అన్న రికార్డుల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగండి. నష్టపోయిన పొరుగువారు కలిసివస్తే, కమిషన్ అనుమతితో ఉమ్మడి ఫిర్యాదు వేయవచ్చు. ఒక్క ఇంట్లోనే పరికరం పోతే ఇంటి వైరింగును అనుమానిస్తారు గానీ, వీధి వీధంతా పోతే ఆ అనుమానానికి తావు తక్కువ.

అవతలి పక్షం మొదట అడిగేది మీ ఎర్తింగ్, ఎంసీబీల గురించే. ఎంసీబీ కరెంటు మోతాదు మించితే పడిపోతుందే తప్ప ఓల్టేజీ పెరుగుదలను ఆపదన్న సంగతిని మీ ప్రమాణపత్రంలోనే రాయండి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేత ఇంటి వైరింగును పరీక్ష చేయించి, ఆ నివేదికనూ జతపరచండి. ఇవన్నీ చేతికి వచ్చాక సంస్థకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ పిమ్మట బోర్డు మార్పించుకోండి. బిల్లు మాత్రం జీఎస్టీతో, మీ పేరు మీదే ఉండాలి.