స్త్రీల కూడికలో చెప్పడానికి ఎవరున్నారు అంటే, రొదే ఉంది

వందనాలు సిస్టర్. ఆదిమ సంఘంలో అంతగా ఎవరూ మాట్లాడని ఒక స్త్రీ గురించి స్త్రీల కూడికలో చెప్పాలి, దొర్కా, లూదియ కాకుండా ఎవరున్నారు అని అడిగారు. రోమా 16లో ఫీబే ఉంది, పెర్సిసు ఉంది. వాళ్ల గురించీ చెప్పొచ్చు. కానీ నన్నడిగితే అపొస్తలుల కార్యముల్లో కనిపించే పనిపిల్ల రొదేని తీసుకోండి. మా సంఘంలో నేను ఆమె గురించి వాక్యం చెప్పిన రోజు ముగింపు ప్రార్థన అయ్యాక కూడా ఆడవాళ్లు ఇళ్లకు కదల్లేదు.

భాగం అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం, 12 నుంచి 17 వచనాలు. అయితే చదవడం మొదటి వచనం నుంచే మొదలుపెట్టండి, లేకపోతే ఆ రాత్రి టెన్షన్ ఎవరికీ అర్థం కాదు. హేరోదు రాజు అప్పటికే అపొస్తలుడూ యోహాను సహోదరుడూ అయిన యాకోబును కత్తితో చంపించాడు. తర్వాత పేతురును పట్టుకుని చెరసాలలో వేయించాడు. కాపలాకి నలుగురేసి చొప్పున నాలుగు జట్లు, అంటే 16 మంది సైనికులు. ఈ హేరోదు అగ్రిప్ప క్రీ.శ. 44లో చనిపోయాడు కాబట్టి ఇదంతా దానికి కాస్త ముందు జరిగింది.

ఆ రాత్రి దేవదూత పేతురును చెరసాలలోంచి బయటికి తీసుకొచ్చాడు. ఆ సంగతి తెలియక యెరూషలేములో మార్కు తల్లి మరియ ఇంట్లో విశ్వాసులందరూ కూడి పేతురు కోసం ప్రార్థన చేస్తున్నారు. అంతమంది పట్టారంటే, వీధి వైపు వేరే తలుపు ఉందంటే, ఉన్నవాళ్ల ఇల్లే. రొదే ఆ ఇంట్లో పనిపిల్ల. ఆ కాలాన్నిబట్టి చూస్తే దాసి అయి ఉండే అవకాశమే ఎక్కువ.

ఇక్కడ తొందరపడొద్దు. అర్ధరాత్రి ఎవరో తలుపు తడుతున్నారు. యాకోబును చంపిన రోజులవి. బయట ఉన్నది సైనికులైనా కావచ్చు. లోపల పెద్దవాళ్లంతా ప్రార్థనలో ఉంటే తలుపు దగ్గరికి వెళ్లింది ఈ చిన్నది. "ఆలకించుటకు వచ్చెను" అని రాశాడు ఈ పుస్తకం రాసిన లూకా. చీకట్లో తలుపుకి చెవి ఆనించి నిలబడిన ఆ పిల్లని మీ కూడికలో ఉన్నవాళ్లు కళ్లారా చూడాలి. మొహం కనపడలేదు, గొంతు మాత్రమే వినపడింది. అంతే, పేతురని గుర్తుపట్టేసింది. అలా గుర్తుపట్టాలంటే ఆ గొంతు ఎన్నిసార్లు విని ఉండాలి! పేతురు ఆ ఇంట్లో వాక్యం చెబుతున్నప్పుడు గోడవారగా నిలబడి, ఏదో ఒక పని చేసుకుంటూ ఈ పిల్ల కూడా వినే ఉంటుంది.

సంతోషంతో తలుపు తీయడం మర్చిపోయి లోపలికి పరుగెత్తింది. చాలామంది బోధకులు సరిగ్గా ఇక్కడే నవ్వించి తర్వాతి వచనానికి వెళ్లిపోతారు. సండే స్కూల్లో పిల్లలతో స్కిట్ వేయించినా ఇంతే. నాకు అది బాధగా ఉంటుంది. ఎందుకంటే అసలు విషయం ఆ తర్వాతే ఉంది.

"పేతురు తలుపు దగ్గర నిలుచున్నాడు" అని చెబితే వాళ్లన్న మాట "నీవు పిచ్చిదానవు". అప్పటిదాకా వాళ్లు ప్రార్థిస్తున్నది పేతురు కోసమే! ఆమె ఊరుకోలేదు. తాను చెప్పినదే నిజమని దృఢంగా చెప్పింది. ఇంటినిండా పెద్దవాళ్లు, ఒక్క పనిపిల్ల, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అప్పుడు వాళ్లేమన్నారు? "అతని దూత" అన్నారు. దేవదూత వచ్చి తలుపు తట్టాడంటే నమ్మగలిగారు, పనిపిల్ల నిజం చెబుతోందంటే నమ్మలేకపోయారు. చెరసాల దారిలోని ఇనుప గవిని, అంటే పెద్ద ద్వారం, దానంతట అదే తెరుచుకున్న ఆ రాత్రి, విశ్వాసుల ఇంటి తలుపు దగ్గర పేతురు తడుతూనే నిలబడ్డాడు.

మా అమ్మ ఇళ్లలో పని చేసి మమ్మల్ని చదివించింది. ఒక ఇంట్లో పెద్దాయనకి పొద్దున కాఫీ ఇస్తూ, ఆయన మూతి ఒక పక్కకి లాగుతోందని, మాట ముద్దగా వస్తోందని ముందు గమనించింది అమ్మే. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండమ్మా అంటే, "రాత్రి నిద్ర లేదులే, నీకేం తెలుసు" అన్నారట. సాయంత్రానికి గానీ తీసుకెళ్లలేదు. ఆయన బతికారు, కుడి చెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. ఈ సంగతి అమ్మ పెద్దగా చెప్పుకునేది కాదు. కానీ రొదే గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ వంటగది గుమ్మంలో నిలబడి రెండోసారి, మూడోసారి చెబుతున్న అమ్మే కనిపిస్తుంది.

అందుకే కూడికలో నేను ఒక ప్రశ్న అడిగాను: "మీరు నిజం చెప్పినా ఎవరూ నమ్మని సందర్భం ఉందా?" ఎప్పుడూ సాక్ష్యం చెప్పని ఒకామె ముందుగా నోరు తెరిచింది. మీరూ అడగండి. అడిగాక మీరు మాట్లాడకండి, వాళ్లని మాట్లాడనివ్వండి.

ఇంకో సంగతి కూడా కలపండి. పేతురు జీవితంలో ద్వారం దగ్గర ఇంకొక చిన్నది కూడా ఉంది. యోహాను 18:17లో ప్రధానయాజకుని ఇంటి ద్వారం దగ్గర కావలి ఉన్న పిల్ల "నీవును ఈ మనుష్యుని శిష్యులలో ఒకడవు కావా?" అంటే పేతురు కాదన్నాడు. ఆ పిల్ల ముందు అబద్ధమాడిన మనిషే ఇప్పుడు ఇంకో పనిపిల్ల తలుపు తీస్తుందని చీకట్లో ఎదురుచూస్తున్నాడు. ఈ రెండు భాగాలూ పక్కపక్కన చదివించండి, మీరు పెద్దగా వివరించే పని ఉండదు.

పేరుకి అర్థం గులాబీ అని చెప్పి అక్కడే పావుగంట గడపొద్దు. తర్వాత ఆమె పెద్ద సేవకురాలైంది లాంటి కథలు కూడా అతికించొద్దు. వాక్యంలో ఉన్న ఆ నాలుగైదు వచనాలే చాలు. ఒకరు రొదేగా, ఇద్దరు ముగ్గురు ఇంట్లోవాళ్లుగా గట్టిగా చదివితే ఇంకా బాగుంటుంది.

ఎవరైనా "అది నవ్వుకోడానికి రాసిన భాగం కదా" అంటే లూకా 24:11 తీసి చూపించండి. సమాధి దగ్గర నుంచి వచ్చిన స్త్రీల మాటలు అపొస్తలులకు వెర్రిమాటలుగా కనబడ్డాయి, నమ్మలేదు అని ఉంటుంది. ఆ సువార్త రాసిందీ, రొదే పేరు మనకు రాసిపెట్టిందీ ఒక్క లూకానే.