రెండడుగుల ఉప్పునీటి ట్యాంకుకు పెద్ద ఫిల్టర్ కొంటే చాలా?

తమ్ముడూ, రెండడుగుల ట్యాంకులో ఒక జత క్లౌన్ చేపలు పెంచుదామనుకుంటున్నాను, షాపాయన పెద్ద కెనిస్టర్ ఫిల్టర్ పెట్టుకుంటే ఇంకేం చూసుకోనక్కర్లేదంటున్నాడు, నిజమేనా అని అడిగావు. కాదు. నేనూ ఆ మాట నమ్మే కొన్నాను. మాది నల్లగొండ. రెండేళ్ల కింద మే నెలలో గాలివానకు రాత్రి కరెంటు పోయి తెల్లారుజామున వచ్చింది, ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లే ఉన్నాయి, ట్యాంకు లేదు. కరెంటు రాగానే కెనిస్టర్ దానంతటదే నడవడం మొదలుపెట్టింది, గదంతా కుళ్లిన గుడ్డు వాసన. మధ్యాహ్నానికి జతలో పెద్దది పోయింది.

అయ్యిందేమిటంటే, కెనిస్టర్ మూతేసిన డబ్బా. అందులో పెరిగి నీళ్లను శుభ్రం చేసే బాక్టీరియాకు పారే నీళ్లతోనే ఆక్సిజన్ అందుతుంది. మోటర్ ఆగితే డబ్బాలో ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోయి అవి చచ్చిపోతాయి, మళ్లీ మోటర్ తిరగగానే ఆ కుళ్లంతా చేపల మీదికి వస్తుంది. పైగా అదే వేడిలో మంచినీళ్లతో పోలిస్తే ఉప్పునీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఐదో వంతు తక్కువ పడుతుంది, మన ఎండాకాలంలో ఇంకా తక్కువ.

ఉప్పునీటి ట్యాంకులో అసలు ఫిల్టర్ రాయే. గుల్లగా, సందులు సందులుగా ఉండే రాళ్ల మీద పెరిగిన బాక్టీరియానే చేపల మురికి నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ మురికిని రాయి దాకా మోసుకుపోయేది నీటి పారకం. అందుకే నేను డబ్బు ఫిల్టర్ మీద కాదు, పారకం మీద పెట్టమంటాను. (రాళ్లంటే డ్రై రాక్, అంటే ఎండిపోయిన, జీవం లేని రాయి తీసుకో. ఎవరైనా పగడం ముక్క ఇస్తామంటే వద్దను, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.)

ఇక లెక్క. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 56 లీటర్లు, ఇసుక, రాళ్లు పోను 45 అనుకో. చేపలే ఉంటే ట్యాంకు నీళ్లకు పది నుంచి ఇరవై రెట్లు గంటకు తిరగాలి, అంటే 450 నుంచి 900 లీటర్లు. ఇది ఒక్క మోటర్‌తో కాకుండా రెండు వైపుల నుంచి రావాలి: వెనక అద్దానికి తగిలించే చిన్న హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ ఒకటి, ఎదుటి మూలలో చిన్న పవర్‌హెడ్ (నీళ్లలో మునిగి ఉండి పారకం పుట్టించే మోటర్) ఒకటి. వేవ్‌మేకర్ (అలలు పుట్టించే మోటర్) అని గంటకు 3,000 లీటర్లది అంటగడతారు, ఈ ట్యాంకుకు అది తుపానే.

డబ్బా మీద రాసిన అంకె నమ్మకు, అది నీళ్లు పైకి ఎత్తనప్పటి లెక్క. ఫిల్టర్ నుంచి పడే నీళ్లను లీటరు మగ్గులో పట్టి ఫోన్‌లో టైమ్ చూడు. నిండడానికి 12 సెకన్లు పడితే గంటకు 300 లీటర్లు. నాది పెట్టె మీద 500, మగ్గులో 310.

పవర్‌హెడ్ మూతి కొంచెం పైకి తిప్పు, నీళ్ల పైభాగం ఎప్పుడూ సన్నగా అలలాడుతుండాలి, ఆక్సిజన్ కలిసేది అక్కడే. నేను మొదట్లో కిందికి పెడితే పొద్దున్నకల్లా ఇసుకలో గిన్నెంత గుంట, అడుగున అద్దం కనపడింది. రాళ్లను వెనక అద్దానికి ఆనించకు, రెండు వేళ్ల సందు వదులు. పెట్టాక చిటికెడు మేత నలిపి వేసి చూడు: పొడి ఎక్కడ ఆగి కూర్చుంటుందో అక్కడ పారకం లేనట్టు, రేపు మురికి చేరేదీ అక్కడే. నాకు ఎడమ వైపు పెద్ద రాయి వెనక ఆగింది, రాయిని అరచేయంత జరిపితే సరిపోయింది. చేప మాత్రం రోజంతా ఒక మూల నక్కి ఉంటే పారకం ఎక్కువైందని అర్థం, క్లౌన్‌లు అంత గట్టి ఈతగాళ్లు కావు.

ఫిల్టర్ స్పాంజిని మూడు నాలుగు రోజులకోసారి పిండెయ్, లేకపోతే పట్టిన మురికి అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతుంది. స్కిమ్మర్ (బుడగలతో నురగ కట్టించి మురికి తీసే పరికరం) ఇప్పుడే వద్దు, ఇంత చిన్నదానికి వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే చాలు.

నీళ్ల సంగతి. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు, కానీ సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అదొక్కటే కాదు తంటా. బోరునీళ్లలో కరిగిన లవణాలు, నైట్రేట్లు అసలు తలనొప్పి. ఆర్వో నీళ్లే వాడు, అయితే ఇంటి మిషన్లలో చాలావాటికి రుచి కోసం పచ్చి నీళ్లు కలిపే టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) కంట్రోలర్ ఉంటుంది, అది పూర్తిగా మూయించు. మా మిషన్ నీళ్లకు టీడీఎస్ 140 చూపించేది, మూశాక 20కి దిగింది. మెరైన్ సాల్ట్ కలిపాక సాంద్రత 1.025 ఉండాలి. ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే నాకు రోజుకు లీటరున్నర ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది కాబట్టి పైన పోసేవి ఉప్పు కలపని ఆర్వో నీళ్లే. అద్దం మీద మార్కర్‌తో గీత గీసుకుని రోజూ ఆ గీత దాకా పోస్తాను.

వైర్లు బోర్డుకంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టు, లేకపోతే ఉప్పునీళ్లు వైరు వెంబడే పోయి సాకెట్‌లో దిగుతాయి. పవర్‌హెడ్ ఒక్కటి ఇన్వర్టర్ మీద వెయ్, మహా అయితే ఐదారు వాట్లు. నేను ఆ చేప పోయాక వేశాను.

చేపలు మాత్రం ఇప్పుడే తేవద్దు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఈలోపు మగ్గు పెట్టి కొలిచి ఎంతొచ్చిందో ఇక్కడే రాయి, పవర్‌హెడ్ ఎంతది తీసుకోవాలో అప్పుడు చెప్తాను.