వంటింట్లో మార్పు నిలవాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మా వారికి 44 ఏళ్ళు. ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల్లోనూ పని చేస్తారు. ఈమధ్య చేయించిన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలోని చక్కెర సగటును చెప్పే అంకె) 6.1 వచ్చింది. ఇప్పుడే మందులు అవసరం లేదు, తిండి మార్చుకోండి అని డాక్టరు గారు చెప్పారు. ఆ మరునాడే నేను ఇంట్లో తెల్లబియ్యం, దోసెలు, పంచదార టీ, నూనె వంటలు అన్నీ ఆపేసి దంపుడు బియ్యం, ఓట్సు, చోడిజావ (రాగిజావ), ఉడకబెట్టిన కూరలు మొదలుపెట్టాను. పది రోజులు గడిచేసరికి పిల్లలు బయట నుంచి పూరీ తెచ్చుకున్నారు, ఆయన క్యాంటీన్‌లో తినడం మొదలుపెట్టారు, మా అత్తగారు తన అన్నం తానే విడిగా వండుకున్నారు. ఇలా మొదలుపెట్టి వదిలెయ్యడం ఇది మూడోసారి. నాలో పట్టుదల లేదేమో అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు? - ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఆ అంకె సంగతి చూద్దాం. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దాన్ని మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. 6.5, ఆ పైన ఉంటే మధుమేహం అంటారు. అంటే మీ వారు ఇంకా గీతకు ఇవతలే ఉన్నారు, మీకు కొంత వ్యవధి ఉంది. ఉన్న వ్యవధిని పది రోజుల్లో ఖర్చు పెట్టేయాలనుకోవడమే మూడుసార్లూ మిమ్మల్ని దెబ్బతీసిందని నాకు అనిపిస్తోంది. మీ పట్టుదలకు వంక పెట్టాల్సిన పని లేదు. బియ్యం, టిఫిను, టీ, నూనె, కూర వండే తీరు, ఈ అయిదింటినీ ఒకే ఉదయం మార్చి, అయిదుగురి నాలుకలకూ ఒకేసారి సర్దుకోమని చెప్పారు. ఎంత పట్టుదల గల ఇల్లాలైనా ఆ బరువును పది రోజులకు మించి మోయలేదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని తీసుకొని, తిండికో, తాగే నీటికో, వ్యాయామానికో సంబంధించిన ఒక్క చిన్న పనిని రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టి 12 వారాలపాటు చేయమన్నారు. ఆ పని ఆలోచించకుండానే జరిగే అలవాటుగా కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని వారి అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కుదురుతున్న అలవాటు చెడిపోలేదని కూడా వారు గమనించారు. పూరీ తెచ్చుకున్న రోజుతో అంతా పోయిందని మీరు అనుకోనక్కరలేదని చెప్పడానికే ఈ సంగతి రాశాను. రెండు నెలలకు ఒక మార్పు అన్న లెక్కన వెళితే ఏడాదికి ఆరు మార్పులు నిలుస్తాయి, అది తక్కువేమీ కాదు.

మొదటి మార్పుగా బియ్యం రకాన్ని ముట్టుకోవద్దు. మన భోజనం వాయిల లెక్కన సాగుతుంది. పచ్చడీ నెయ్యితో ఒక వాయి, పప్పూ కూరతో ఒకటి, చారుతో ఒకటి, చివర పెరుగుతో ఒకటి. ఒక్కో పదార్థం వచ్చినప్పుడల్లా పళ్ళెంలోకి మళ్ళీ అన్నం వస్తుంది. అన్నం ఎక్కువ తింటున్నామని మనం అనుకోం, ఎందుకంటే ఏ వాయికి ఆ వాయి చిన్నదిగానే కనబడుతుంది. మా ఇంట్లో మా నాన్నగారికి మొదటి వాయి ఆవకాయ, నెయ్యి లేకపోతే భోజనం చేసినట్టే ఉండేది కాదు. మేం ఆవకాయను తీసెయ్యలేదు, దాని చోటు మార్చాం. ముందు రెండు గరిటెల కూర ఉత్తిదే వడ్డించేవాళ్ళం, అది సగం అయ్యాక పప్పుతో అన్నం, చివర పెరుగన్నంలోకి ఒక్క ఆవకాయ ముక్క నంజుకోవడానికి. ఒక వాయి అన్నం దానంతటదే తగ్గిపోయింది, కానీ పళ్ళెంలోంచి ఏదో లాగేసుకున్నారని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. కూర, పప్పు ముందు తిని అన్నం తరువాత తింటే భోజనం అయ్యాక రక్తంలో చక్కెర అంత వేగంగా పెరగదని అధ్యయనాల్లోనూ తేలింది కాబట్టి మీ వారికి ఈ వరస రెండు విధాలా మేలు చేస్తుంది. అన్నం హస్తంతో కాకుండా చిన్న గిన్నెతో కొలిచి వడ్డించండి. మొదటి వారం ఇప్పుడు తింటున్నన్ని గిన్నెలే పెట్టండి, రెండో వారం నుంచి అర గిన్నె తగ్గించండి, అంతకంటే తొందర వద్దు.

అయితే ఈ వరస నిలవాలంటే కుండలో కూర ఉండాలి. అయిదుగురున్న ఇంట్లో ఒక పూటకు అరకిలో బెండకాయలు వేయిస్తే అవి వేగి గుప్పెడవుతాయి, ఆ గుప్పెడు కూరను సాగదీయడానికే అంత అన్నం కలుపుకోవలసి వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం ఒక మనిషికి రోజుకు కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి 500 గ్రాములు కావాలి, మీ ఇంటికి రోజుకు రెండున్నర కిలోలు అన్నమాట. ఒక్కసారిగా అంత కొనమని నేను చెప్పను. వారానికి రెండుసార్లు రైతుబజారుకు వెళ్ళేటప్పుడు ఇప్పుడు తెచ్చేదానికి ప్రతిసారీ ఒక కిలో అదనంగా, ఆనపకాయో, బీరకాయో, బరబాటీలో, ధర తక్కువగా ఉన్నది తెండి. రెండు కట్టల తోటకూర పప్పులో వేస్తే పిల్లలకు కూర పెరిగిందని కూడా తెలియదు. ఇంట్లోకి వచ్చిన కూరగాయ వాడిపోకముందే వండాలనిపిస్తుంది, ఆ తొందర మీకు రోజూ గుర్తు చేసే పనిని దానంతటదే చేస్తుంది.

నూనె విషయంలో ఉడకబెట్టిన కూరల దాకా వెళ్ళనక్కరలేదు. అదే సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో సుమారు 2000 కేలరీల ఆహారానికి నూనె, నెయ్యి వంటివన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు అని చెప్పింది. అయిదుగురికి నెలకు లెక్క వేస్తే సుమారు నాలుగున్నర లీటర్లు వస్తుంది. పెద్ద డబ్బా లోంచి నేరుగా బాణలిలోకి వంచడం మానేసి, వారానికి సరిపడా నూనెను ఒక సీసాలోకి తీసి పెట్టుకోండి, ఆ సీసాతోనే వారం గడపండి. ఆదివారం పుణుగులు వేయాలనిపిస్తే అదే సీసాలోంచి వేయండి, మిగిలిన రోజుల్లో పోపు కాస్త తగ్గుతుంది. ఏది వండాలో చెప్పే బాధ్యత సీసా తీసుకుంటుంది కాబట్టి అత్తగారితో మాటామాటా పెరగదు. ఇది మాత్రం మొదటి మార్పు కుదిరాక, అంటే మూడో నెలలో మొదలుపెట్టండి.

చోడిజావ గురించి ఒక మాట చెప్పాలి. చోళ్ళు మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో తరతరాలుగా తిన్న గింజ. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మీ అత్తగారికి, పిల్లలకు ఎంతో మంచిది. కానీ మెత్తటి పిండిని నీళ్ళలో బాగా కాచి పలచటి జావగా తాగితే అది తొందరగా అరిగి రక్తంలో చక్కెరను కూడా తొందరగానే పెంచుతుంది. అందుకని మీ వారికి జావకు బదులు చోడిపిండి రొట్టె చేసి, పక్కన కూరో పప్పో తప్పక పెట్టండి.

నైట్ షిఫ్టు వారాలను విడిగా చూడాలి. రాత్రివేళ మన శరీరం చక్కెరను పగటిపూట సర్దుకున్నంత బాగా సర్దుకోలేదు, అందుకే అర్ధరాత్రి క్యారేజీ నిండా అన్నం తినడం ఆయనకు మంచిది కాదు. అసలు భోజనాన్ని డ్యూటీకి బయలుదేరే ముందు ఇంట్లోనే ముగించి, క్యారేజీలో ఉడకబెట్టిన శనగలో, రెండు గుడ్లో, మజ్జిగో, ఒక జామకాయో పెట్టి పంపండి. ఆకలి వేసినప్పుడు చేతికి అందేది అది ఉంటే, క్యాంటీన్ బజ్జీ దగ్గరికి ఆయన రోజూ వెళ్ళరు, ఎప్పుడో ఒకరోజు వెళితే వెళ్ళనివ్వండి. తెల్లవారి వచ్చాక ఇడ్లీ తింటారంటే తిననివ్వండి, కాకపోతే కారప్పొడి, నెయ్యి స్థానంలో సాంబారు ఎక్కువగా వెయ్యండి.

మీ అత్తగారు విడిగా వండుకోవడం నన్ను బాధపెట్టింది. రోగి ఒకరైతే పథ్యం అయిదుగురిదీ అయిందని ఆవిడకు అనిపించి ఉంటుంది. ఆవ పెట్టిన కూరలు, పనసపొట్టు, కందా బచ్చలీ వంటివి ఆవిడకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తాయి? ఆ కూరలు చేసిపెట్టమని ఆవిడనే అడగండి. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చెప్పే పరీక్ష కాబట్టి, డాక్టరు గారు వేరుగా చెబితే తప్ప, మూడు నెలల తరువాతే మళ్ళీ చేయించండి. వారం వారం వేలు గుచ్చి చూసుకొని దిగులు పడకండి.

ప్రశ్న: నేను మధురవాడలో పేయింగ్ గెస్టుగా ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వంట చేసుకునే వీలు లేదు. రాత్రి పది దాటాక ఫోనులో బిర్యానీ ఆర్డర్ చేయడం అలవాటైపోయింది. మానాలని ప్రతిరోజూ అనుకుంటాను. - 26 ఏళ్ళ పాఠకుడు, మధురవాడ

జవాబు: బాబూ, రాత్రి పదింటికి మానుకోవాలనుకుంటే అది జరగదు, ఎందుకంటే అప్పటికి మీకు నిజంగానే ఆకలి వేస్తోంది. మార్చవలసింది సాయంత్రం ఆరు గంటలను. మధ్యాహ్నం ఒంటిగంట తరువాత తొమ్మిది గంటలపాటు టీ బిస్కెట్ల మీద గడిపిన మనిషి చేతికి ఫోను దొరికితే బిర్యానీయే కనబడుతుంది. ఆరింటికి గుప్పెడు వేరుశనగలు, ఒక అరటిపండు డెస్కు సొరుగులోంచి తీసుకొని తినడం ఒక్కటే రెండు నెలలపాటు చేయండి. బీచికి వెళ్ళినప్పుడు తినే మురీ (మరమరాల) మిక్చర్ కూడా ఉల్లిపాయ, టమాటా ఎక్కువ వేయించుకుంటే ఆ వేళకు పనికొచ్చేదే. రాత్రి మీ పీజీలో పెట్టే భోజనం తొమ్మిదిలోపు తినండి, కూర పలచగా ఉంటే ఒక పెరుగు కప్పు, రెండు ఉడికించిన గుడ్లు తోడు చేసుకోండి. బిర్యానీని శనివారానికి ఉంచుకోండి, ఆ రోజు దాన్ని తృప్తిగా తినండి. శీతల పానీయం మాత్రం దానితో పాటు తెప్పించుకోవద్దు, రోజంతటికీ చాలినంత పంచదార ఆ ఒక్క సీసాలోనే ఉంటుంది.

ప్రశ్న: మేమిద్దరం రిటైరైన వాళ్ళం. నాకు బీపీ ఉంది. ఉప్పు తగ్గించమంటారు కానీ ఎంత తింటున్నామో ఎలా తెలుసుకోవాలి? బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పు వాడవచ్చా? - ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: అయ్యా, ఒకరికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అది సుమారు ఒక చిన్న చెంచా. ఇంట్లో ఇద్దరే కాబట్టి మీ లెక్క సులువు. కిలో ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజున దాని మీద తేదీ రాయండి, అది వంద రోజులు రావాలి. యాభై రోజులకే అయిపోతే రెట్టింపు తింటున్నారని అర్థం. ఊరగాయలు, అప్పడాలు, బేకరీ సరుకుల్లోని ఉప్పు ఈ లెక్కకు అదనం కాబట్టి, ప్యాకెట్టు ఇంకా ఎక్కువ రోజులు వస్తే మంచిది. కూరలో చిటికెడు చొప్పున పదిహేను రోజులకోసారి తగ్గించుకుంటూ వెళ్ళి, ఆ లోటును చింతపండు, నిమ్మరసం, ఆవపొడి, కొత్తిమీరతో పూడ్చండి, కొద్ది వారాల్లో నాలుక సర్దుకొంటుంది. పెరుగన్నంలో విడిగా ఉప్పు కలుపుకోవడం అన్నిటికంటే ముందు మానండి. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికి అది ప్రమాదం, అందువల్ల మీ డాక్టరు గారిని అడగకుండా కొనవద్దు.

ప్రశ్న: చేపలు వారానికి రెండుసార్లు తినమంటున్నారు, వంజరం ధర అందడం లేదు. - ఒక గృహిణి, జాలారిపేట

జవాబు: వంజరమే కావాలని లేదమ్మా. కానాగంతలు, కవ్వళ్ళు, నెత్తళ్ళు గుండెకు మేలు చేసే కొవ్వు పుష్కలంగా ఉన్న చేపలు, ధరలోనూ అందుబాటులో ఉంటాయి. వేపుడుకు బదులు పులుసు పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు గుడ్లు, చెరువు చేపలతో సరిపెట్టుకోండి. ఎండుచేపలు వండితే ముందు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కూరలో వేరే ఉప్పు వెయ్యకండి.